వెళ్లేటప్పుడు సముద్రమా, వచ్చేటప్పుడు సముద్రమా?

మెల్‌బోర్న్‌కు చుట్టాలు వచ్చిన ప్రతిసారీ, ఇక్కడ కొత్తగా స్థిరపడిన తెలుగు కుటుంబం ఏదైనా కారు కొనుక్కున్న ప్రతిసారీ మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. మెల్‌బోర్న్‌కు నైరుతిగా సముద్రతీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డును ఒక్క రోజులో చూసి రావాలంటే, తీరం వెంట వెళ్లి, తీరానికి దూరంగా లోపల ఉన్న కోలాక్ ఊరి మీదుగా తిరిగి రావడం మేలా, లేక ముందు కోలాక్ మీదుగా, సముద్రంలో నిలిచిన సున్నపురాయి స్తంభాలైన ట్వెల్వ్ అపోస్టిల్స్ చేరుకుని, తీరం వెంట తిరిగి రావడం మేలా? మావారూ నేనూ రెండు విధాలుగానూ వెళ్లాము, రెండు విధాలుగానూ ఎంతో కొంత అవస్థ పడ్డాము. కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

అందరూ సిఫారసు చేసేది మొదటి పద్ధతినే, అందుకు కారణం కూడా బలమైనదే. మన దేశంలో లాగే ఇక్కడ కూడా ఎడమ పక్కనే నడపాలి కనుక, పడమటి దిక్కుగా వెళ్లే కారు సముద్రం అంచున ఉన్న వరుసలోనే సాగుతుంది. సముద్రం వైపున్న వ్యూపాయింట్లన్నీ ఎడమ చేతికే వస్తాయి, ఎదురుగా వచ్చే బండ్లను దాటుకుని మలుపు తిప్పాల్సిన పని ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు 1919 నుంచి 1932 వరకు కొండలను తొలిచి, చనిపోయిన తోటివారి స్మారకంగా వేసిన రోడ్డు ఇది. ఈస్టర్న్ వ్యూ దగ్గరున్న మెమోరియల్ ఆర్చ్ కిందుగా ప్రయాణం మొదలుపెడితే ఆ చరిత్రలోకి సరైన ద్వారం నుంచే అడుగుపెట్టినట్టు ఉంటుందన్నది కూడా నిజమే.

అయితే దాదాపు 240 కిలోమీటర్ల ఈ రోడ్డు పొడవునా సముద్రం పక్కనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నీళ్లను ఒరుసుకుంటూ వెళ్లే భాగం ముఖ్యంగా లోర్న్ నుంచి అపోలో బే వరకే. ఆ తరువాత రోడ్డు ఆట్‌వే అడవుల్లోకి ఎక్కుతుంది, సముద్రం చాలాసేపు కనిపించదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది. ఒక్క రోజు ప్రయాణంలో ఈ అడవి దారి పొద్దు వాలే వేళకు ఎదురవుతుందా, వెలుగు బాగా ఉన్న వేళకు ఎదురవుతుందా అన్నదే, నా దృష్టిలో, అసలు తేల్చుకోవాల్సిన విషయం. ఇంకోలా చెప్పాలంటే, చీకటి మిమ్మల్ని ఎక్కడ పట్టుకుంటుంది?

మమ్మల్ని పట్టుకోకూడని చోటే పట్టుకుంది. జూన్‌లో, తీరం వెంట వెళ్లిన మొదటిసారి, ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరి, కనిపించిన ప్రతి వ్యూపాయింటు దగ్గరా ఆగి, కెనెట్ రివర్ దగ్గర చెట్ల మీద కోలా జంతువుల కోసం మెడలు నొప్పి పుట్టేదాకా వెతికి, అపోలో బేలో భోజనం ముగించేసరికి రెండున్నర దాటింది. అపోస్టిల్స్ చేరేటప్పటికి నాలుగూ నలభై. జూన్‌లో ఇక్కడ సుమారు అయిదుంపావుకే సూర్యుడు అస్తమిస్తాడు. కోట్ల రూపాయల దృశ్యమని ఇంట్లో అందరికీ చెప్పుకుని వచ్చినందుకు మాకు దక్కింది మబ్బు పట్టిన అరగంట. అక్కడి నుంచి సింప్సన్ మీదుగా కోలాక్ వెళ్లే దారి పాడి పొలాల మధ్య నుంచి సాగుతుంది, దీపాలు ఉండవు. మ్యాప్ నిలిచిపోయి, ఒక మలుపు తప్పి, ఎవరిదో పశువుల కొట్టం గేటు ముందు తేలాము. వెనక్కి తిరిగి వస్తుండగా ఒక వాలబీ (చిన్న కంగారూ లాంటి జంతువు) లైట్ల ముందుకు గెంతింది, మావారు బ్రేకు నొక్కిన నొక్కుకు నా ఒళ్లో ఉన్న పెరుగన్నం డబ్బా మూత ఊడి డ్యాష్‌బోర్డు మీదికి చేరింది. ఏసీ సందుల్లోని ఆవగింజలు రెండు నెలల తరువాత కూడా దొరికాయి.

ఏప్రిల్ చివర్లో రెండో పద్ధతిలో వెళ్లాము. ఉదయం ఆరుకు బయలుదేరితే చీకటి గడిచింది కోలాక్ వరకు ఉన్న విశాలమైన హైవే మీదే. తొమ్మిది దాటాక అపోస్టిల్స్ దగ్గర నిలబడేసరికి టూరు బస్సులు ఇంకా రాలేదు. పేరుకు పన్నెండే గాని అక్కడ పన్నెండు స్తంభాలు ఎన్నడూ లేవు, ఉన్నవాటిలో ఒకటి 2005లో కూలిపోయింది. గిబ్సన్ స్టెప్స్ దిగి ఇసుకలో నిలబడి తల ఎత్తితేనే ఆ సున్నపురాయి ఎంత ఎత్తో తెలుస్తుంది. లాక్ ఆర్డ్ గోర్జ్ అనే ఇరుకైన కొండ చీలికలో కూడా తొందర లేకుండా తిరిగాము. 1878లో అక్కడ మునిగిన ఓడలో 54 మంది ఉండగా ఇద్దరే బతికారు. అడవి దారిని మధ్యాహ్నపు వెలుగులో దాటాము, లోర్న్‌లో కాఫీ తాగాము, దీపాలు పెట్టే వేళకు మెల్‌బోర్న్ దారిలోని జీలాంగ్ దగ్గర ఉన్నాము.

ఈ పద్ధతికి లోటు లేదని చెప్పను. సముద్రం కుడి పక్కకు వస్తుంది, కాబట్టి ఎడమ సీటులో కూర్చున్న నాకు ఎక్కువసేపు కనిపించింది కొండ చరియలే. ప్రతి వ్యూపాయింటుకూ ఎదురు బండ్లను చూసుకుని కుడికి తిరగాలి. మా కారు మరమ్మతులో ఉండడంతో అద్దెకు తీసుకున్న ఐరోపా కారులో ఇండికేటరు ఎడమ చేతి వైపు ఉంది. కుడికి తిరగాలనుకున్న ప్రతిసారీ మావారు ఎండలో వైపర్లు తిప్పేవారు, వెనుకవాళ్లు హారను కొట్టేవారు. అపోలో బేలో పులిహోర విప్పితే ఒక సముద్రపు కాకి వాలి చల్ల మిరపకాయను ఎత్తుకుపోయి, పది అడుగులు వెళ్లి వదిలేసింది. అయినా ఒక్క రోజే చేతిలో ఉంటే, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, నేను ఈ దారినే ఎంచుకుంటాను. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు ఎనిమిదిన్నర దాకా ఉంటుంది కనుక మొదటి పద్ధతిలోనూ ఇబ్బంది లేదు.

టూరు బస్సు గురించి కూడా అడుగుతారు. కారు నడపలేనివారికి అది చాలు. రెండు రోజులు వీలైతే ఈ చర్చే అవసరం లేదు. తీరం వెంటే వెళ్లి, అపోలో బేలో కాకుండా పోర్ట్ క్యాంప్‌బెల్‌లో బస చేయండి. అపోస్టిల్స్ అక్కడికి పన్నెండు కిలోమీటర్లే కాబట్టి సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్నే ఇంకోసారి చూడవచ్చు. బస తలుపు కోడు మాత్రం సిగ్నల్ ఉండగానే కాగితం మీద రాసి పెట్టుకోండి.