కర్నూల్లో పాత ఖుక్రీ కొన్నాను: కత్తి కంటే ముందు ఒర చూడండి

కొండారెడ్డి బురుజు దగ్గర సందుల్లో పాత ఇత్తడి సామాన్లు, గోడ గడియారాలు అమ్మే చిన్న అంగడి ఒకటుంది. అక్కడికి రెండు పాత ఖుక్రీలు, అంటే ముందుకు వంగి ఉండే నేపాల్ కత్తులు, వచ్చాయని తెలిసి పోయిన వారం అనంతపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. మా నాయన మిలిటరీలో ఉన్నప్పుడు ఆయన గూర్ఖా స్నేహితుడు ఇచ్చిన ఖుక్రీ మా ఇంట్లో ఉంది, చిన్నప్పటి నుంచి దానికి నూనె రాసి తుడిచేది నేనే, అందుకే ఈ కత్తులంటే నాకు ప్రాణం.

అంగడాయన ముందు మెరిసేదాన్ని చేతిలో పెట్టాడు. "అన్నా, వరల్డ్ వార్ టైమ్‌ది, బ్రిటిషోళ్లు వాడింది" అన్నాడు, చీటీ మీదా అదే రాసి కట్టాడు, ధర 6,500. పిడి చివర ఇత్తడి సింహం తల, బ్లేడు నిండా చెక్కిన పూలు. సింహం తల పిడి ఎక్కువగా జ్ఞాపకంగా కొనుక్కెళ్లేవాళ్ల కోసం చేసేది. సైన్యానికి చేసిన ఖుక్రీలు సాదాగా ఉంటాయి, వాటి మీద తయారీదారు గుర్తు, 1943, 1944 లాంటి సంవత్సరం ముద్ర మామూలుగా కనిపిస్తాయి. దీని మీద ఏదీ లేదు. ఒర జిగురు వాసన ఇంకా పోలేదు, కత్తి పెట్టి ఊపితే గలగలమంది, వెనక ఉండే రెండు చిన్న కత్తులూ ఉత్త రేకు ముక్కలు.

రెండోది మూలన గుడ్డలో చుట్టి ఉంది. బ్లేడునైతే ఆసిడ్‌తో నల్లగా చేసేయొచ్చు, ఒర మీద ఏళ్ల వాడకం తెప్పించడం చాలా కష్టం. దీని ఒర రెండు చెక్క ముక్కలు, పైన బర్రె తోలు. తోలు ఎండి చెక్కకు బిగుసుకుపోయింది, వెనక కుట్టు అక్కడక్కడ తెగింది, కత్తి పదును రాసుకునే వైపు మూతి దగ్గర చెక్కకు గాడి పడింది, అడుగున ఇత్తడి తొడుగుకు మడతల్లో మాత్రమే చిలుము. కావాలని పట్టించిన చిలుమైతే అంతటా ఒకేలా ఉంటుంది. కత్తి దూస్తే ఎక్కడా పట్టేయలేదు, వదులుగానూ లేదు, దీనికోసమే చేసిన ఒర అని అప్పుడే నమ్మాను. ఒర మారినంత మాత్రాన కత్తి నకిలీ అయిపోదు, తోలు పాడైతే కొత్తది చేయించుకోవడం మామూలే, కానీ ధర తగ్గించి అడగాలి.

పిడి బర్రె కొమ్ము, ఒక పగులుంది, పిడి లోపలికి దిగిన బ్లేడు తోకను అతికించిన లక్క సందులో నల్లగా గట్టిపడి ఉంది. బ్లేడు వెన్ను మందంగా, బరువుగా ఉంది. నేపాల్ కమ్మరిని కామి అంటారు, కాల్చిన కత్తికి ఆయన పదును వైపే కెటిల్‌తో నీళ్లు పోస్తాడు, అందుకే పదును గట్టిపడి, వెన్ను విరగకుండా ఉంటుంది.

ఒర వెనక ఉండే రెండు చిన్న కత్తుల్లో పదునుండే కర్ద పోయింది, మొండిగా ఉండే చక్‌మక్ మిగిలింది. "ఇది మొండిది అన్నా, సాన పట్టించి ఇస్తా" అన్నాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. చక్‌మక్‌కు పదును ఉండకూడదు, పెద్ద కత్తి పదును సరిచేయడానికి, చెకుముకి రాయి కొట్టి నిప్పు రాజేయడానికి అది. అప్పటికే బ్లేడు ఒక వైపు ఎమెరీ పేపర్‌తో రుద్దేశాడు, ఏళ్ల తరబడి పట్టిన రంగు అరచేతి మేర పోయింది, చూస్తే ప్రాణం ఉసూరుమంది. పాతవి అమ్మేవాళ్లు దయచేసి ఈ పని చేయొద్దు, గుడ్డతో తుడిచి నూనె రాస్తే చాలు.

9,000 చెప్పాడు. రుద్దిన మచ్చ, పోయిన కర్ద చూపించి 7,200కి తెచ్చుకున్నాను, చాలా సంతోషం. గంటన్నర సేపు రెండు కత్తులూ వెలుతురులోకి తెచ్చి చూసుకోనిచ్చాడు, టీ తెప్పించాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దీని మీద సంవత్సరం ముద్ర లేదు కాబట్టి బిల్లులో ఏ కాలమూ రాయకుండా "పాత నేపాల్ కత్తి, ఒరతో" అని రాయించుకున్నాను. సింహం తలదానికి కట్టిన వరల్డ్ వార్ చీటీ తీసేయమని రెండుసార్లు చెప్పాను, నేను మెట్లు దిగేటప్పటికి అది ఇంకా వేలాడుతూనే ఉంది.