గాలషీల్స్ పలకల నుంచి బెర్నరే దాకా: ఫిష్ దారి వెంట

బ్రిటిష్ రాక్ బ్యాండు మారిలియన్ గొంతుగా పేరుపొందిన ఫిష్ అసలు పేరు డెరెక్ డిక్. 1958లో పుట్టాడు, ఎడిన్‌బరా దగ్గరి డాల్కీత్‌లో పెరిగాడు. అడవుల పెంపకం చదివి ఆ పని కూడా చేసి, 1981లో బ్యాండులో చేరాడు. 1985లో వాళ్ల 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. విరామం లేని కచేరీలతో విసిగి 1988లో బయటికొచ్చేశాడు. మొదటి సోలో ఆల్బమ్ సిద్ధమైనా, మారిలియన్ కొత్త ఆల్బమ్‌తో పోటీ పడకూడదని 1990 జనవరి దాకా ఆపారు. ఆ పాటలంటే ఇష్టం ఉన్నవాళ్లు స్కాట్లాండ్ వెళ్తే ఏది చూడాలి, దేనికి ఎంత సమయం పెట్టాలి అన్నదే ఇక్కడి విషయం.

ఒక్కరోజే ఉంటే బోర్డర్స్ రైలు ఎక్కండి. 1969లో మూసేసిన మార్గంలో కొంత భాగాన్ని 2015 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్ నుంచి పగటిపూట అరగంటకో బండి, ఆదివారం గంటకొకటి. దారిలో చాలా భాగం ఒకే పట్టా. ఎదురు బండి ఆలస్యమైతే మన బండీ ఆగిపోతుంది, ఆలస్యం పెరిగితే కొన్ని సర్వీసులు రద్దవుతాయి. అందుకే రాత్రి చివరి బండిని నమ్ముకోవద్దు, దానికి ముందుదే పట్టుకోండి. 2025 సెప్టెంబరు నుంచి రద్దీవేళ అదనపు చార్జీ తీసేశారు కాబట్టి ఉదయం బయల్దేరినా అదే టికెట్టు.

డాల్కీత్‌కు ఎస్క్‌బ్యాంక్‌లో దిగాలి. ఊరి నడిబొడ్డుకు పావుగంట పైనే నడక. ఫిష్ కోసం ప్రత్యేకంగా చూడాల్సింది పెద్దగా లేదు. గంట చాలు.

అసలు చూడాల్సింది గాలషీల్స్. వేవర్లీ నుంచి గంట లోపే. మారిలియన్ పాట 'కేలీ'లో గుర్తొచ్చే మార్కెట్ స్క్వేర్ ఈ ఊరిదే. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆ పాట మాటలను స్క్వేర్‌లోని రాతిపలకల మీద చెక్కారు. జనం వాటి మీదుగానే నడుస్తారు, కాబట్టి తల దించి వెతకాలి. వాన తడికి రాయి నల్లబడితే అక్షరాలు మసకబారతాయి. పొద్దున ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తాయి. పాటలోని చెర్రీ పూలు కూడా చూడాలంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్లాలి. గాలి వీస్తే రేకులు రెండు రోజుల్లో రాలిపోతాయి. వాన పట్టుకుంటే 2021లో తెరిచిన గ్రేట్ టేపెస్ట్రీ ఆఫ్ స్కాట్లాండ్ భవనం దగ్గర్లోనే ఉంది. ఆ కుట్టుపని చూడ్డానికి రెండు గంటలు కేటాయించండి.

బస విషయానికొస్తే, ఆగస్టు ఉత్సవాలప్పుడు ఎడిన్‌బరా గదుల ధరలు మండిపోతాయి. దానికితోడు 2026 జూలై 24 నుంచి అక్కడి బసలకు మొదటి ఐదు రాత్రుల మీద 5 శాతం పన్ను. గాలషీల్స్‌లో దిగి ఎడిన్‌బరాకు రైల్లో వెళ్లి రావడమే మేలు.

సోలో అయ్యాక ఆయన స్టూడియో కట్టుకున్నది హాడింగ్టన్ దగ్గరి పొలంలో. ఆ ఊరికి రైలు లేదు, ఎడిన్‌బరా నుంచి బస్సే. నోట్లిస్తే చిల్లర ఇవ్వరు, కార్డు తట్టడమే నయం. స్కాట్లాండ్‌లో నివాసముంటూ 22 ఏళ్లు నిండని మన విద్యార్థులు ఉచిత బస్సు ప్రయాణపు కార్డు ముందే తీసుకోవాలి. ఆయన ఆ పొలం వదిలేశాడు, అందుకని దాని గేటు దాకా పోవడం దండగ. టైన్ నది ఒడ్డున పాత చర్చి మాత్రం చూడదగ్గది.

2020లో చివరి ఆల్బమ్ 'వెల్ట్‌ష్మెర్జ్', 2025 మార్చిలో గ్లాస్గోలో వీడ్కోలు కచేరీలు, ఆ తర్వాత స్కాట్లాండ్ పడమటి తీరానికి అవతల ఉన్న బెర్నరే దీవిలో వ్యవసాయం. అక్కడికి రెండు దారులు. స్కై దీవిలోని ఊయిగ్ నుంచి లాక్‌మాడీకి సుమారు పావు తక్కువ రెండు గంటల ఓడ, అక్కణ్నుంచి 1999లో సముద్రంలో వేసిన కట్ట మీదుగా రోడ్డు. లేదా పక్కనున్న హారిస్‌లోని లెవర్‌బరా నుంచి గంట ఓడ. రెండోది చూడ్డానికి గొప్పది: నీటి కింద బండరాళ్లు ఉండటంతో ఓడ బోయాల (నీటిపై తేలే దారి గుర్తుల) మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ లోతు తక్కువ నీళ్లవల్లే ఆటుపోట్లను బట్టి వేళలు మారతాయి, గాలి ముదిరితే రద్దు. కారుకు ముందే బుక్ చేసుకుని, తిరుగు ప్రయాణానికి ఒకరోజు అదనంగా ఉంచుకోండి. హారిస్‌లో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి, సరుకులు శనివారమే కొనాలి.

బెర్నరేకు పడమటి ఇసుక తీరం కోసం వెళ్లండి, మూడు మైళ్లు నడవొచ్చు. గాయకుడి ఇల్లెక్కడని మాత్రం ఎవరినీ అడగొద్దు. నలభై ఏళ్లు జనం మధ్య పాడినాయన అక్కడికి వెళ్లింది ప్రశాంతత కోసం.