కోడింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి థానీ

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా, ఆ కోడ్ రాసి నడిపి చూసుకునే థానీ (Thonny) ముందు వేసుకోమంటాను. ఎస్తోనియాలోని టార్టు యూనివర్సిటీలో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఉచితం. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేస్తే పైథాన్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. ఆకివీడు దగ్గర మా ఊళ్లో గాలివాన వస్తే ముందు పోయేది నెట్టే, అందుకే నాకిది పెద్ద విషయం.

డిప్లొమా చదివే మా తమ్ముడికి దీని మీదే నేర్పిస్తున్నాను. మాకు రొయ్యల చెరువుంది, కాబట్టి లెక్కలన్నీ అక్కణ్ణుంచే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కౌంట్ ఇస్తే రేటు చెప్పే ప్రోగ్రామ్ రాయమన్నాను. వాడు కౌంట్ 100 లోపు ఉంటే అని మొదటి ఇఫ్ (షరతు) పెట్టి, కింద ఎలిఫ్‌లలో, అంటే పైది కాకపోతేనే చూసే షరతుల్లో, 50, 30 రాశాడు. 30 ఇచ్చినా 100 కౌంట్ రేటే వస్తోంది. “కండిషన్లన్నీ కరెక్టే కదక్కా!” అంటాడు.

తప్పు వెతకడానికి వాడే డీబగ్ నొక్కి, ఎఫ్7తో ఒక్కో అడుగూ నడిపించమన్నాను. థానీ ఆ కండిషన్ మీద చిన్న పెట్టె తెరిచి, కౌంట్ అన్న చోట 30 వేసింది. తర్వాత మొత్తం కండిషన్ పోయి ట్రూ (నిజం) అని వచ్చింది. రేటు లైనులోకి వెళ్లి, మిగతా ఎలిఫ్‌ల జోలికే పోకుండా బయటికొచ్చేసింది. 30 కూడా 100 లోపే కదా అని వాడే పట్టుకుని, చిన్న కౌంట్‌ని పైకి తెచ్చాడు. నోట్సులో పేజీలు రాయించినా ఇంత బాగా ఎక్కదు.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులకైతే వ్యూ మెనూలో వేరియబుల్స్‌కి, అంటే విలువలు దాచుకునే పేర్లకి, టిక్ పెట్టుకోండి. ప్రతి వేరియబుల్ పేరు, విలువ పక్కనే కనిపిస్తాయి. ఇన్‌పుట్‌తో టైప్ చేయించి తీసుకున్న 30 అక్కడ కొటేషన్ల మధ్య ఉంటుంది, అంటే అది ఇంకా ఉత్త అక్షరాలే, అంకె కాలేదన్నమాట. చెరువు నీటిలో ఆక్సిజన్ 4 కంటే తక్కువున్నంతసేపు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ తిరగాలని వైల్ లూప్ రాశాం, మొదట 3.2 ఇచ్చాం. లోపల ఆక్సిజన్ పెంచే లైను తీసేసి చూడండి, ఎన్ని చుట్లు తిరిగినా 3.2 కదలదు. ఎర్ర స్టాప్ బటన్‌తో ఆపేయొచ్చు, హ్యాంగ్ అయిందని టెన్షన్ పడక్కర్లేదు. తర్వాత 24 గంటలకీ గంటకోసారి తిరిగేలా ఫర్ లూప్ రాసి, తెల్లవారుజాముకి తక్కువ ఆక్సిజన్ విలువలివ్వండి. రాత్రి నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది, చెరువులోనూ అప్పుడే బాగా పడిపోతుంది.

ఎర్రర్లు ఇంగ్లీషులోనే వస్తాయి. పెద్ద ప్రాజెక్టులకి వేరేది చూసుకోవాలి. ఫోన్‌లో పనిచేయదు, ఇక్కడ చాలామంది పిల్లల చేతిలో ఉన్నదేమో ఫోనే, అదొక్కటే నాకు బాధ. మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఏదైనా మూలన పడుంటే దుమ్ము దులిపి, థానీ వేసి, పక్కింటి పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.