ఉక్కుతో పేచీ లేదు, గిన్నెతోనే: నాలుగేళ్ల హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్

వంద మిల్లీలీటర్ల ఆటోక్లేవ్ ఇది, అంటే నీటి ద్రావణాన్ని గట్టిగా మూసి, ఓవెన్‌లో మరిగే వేడిని మించి కాచే పాత్ర. బయట స్టెయిన్‌లెస్ స్టీలు కవచం, లోపల మందపాటి టెఫ్లాన్ గిన్నె. పరిశోధనలో చేరిన కొత్తలో నా చేతికి వచ్చింది. ఈ నాలుగేళ్లలో ఇది ఓవెన్ ముఖం చూడని వారాలు తక్కువ.

ఎక్కువగా చేసింది నికెల్ కోబాల్టైట్, అంటే నికెల్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడ్. నికెల్ నైట్రేట్ ఒక పాలు, కోబాల్ట్ నైట్రేట్ రెండు పాళ్లు, యూరియా కాస్త ధారాళంగా. 120 డిగ్రీల దగ్గర ఆరు గంటలు. వేడికి యూరియా నిదానంగా విడిపోతూ అమ్మోనియాను వదులుతుంది కాబట్టి లోహాలు ఒక్కసారిగా ముద్దకట్టవు, సన్నని సూదుల్లా పెరుగుతాయి. మర్నాడు మూత తీస్తే ఘాటు వాసన, అడుగున గులాబీ రంగు పొడి. కడిగి, ఆరబెట్టి, 350 డిగ్రీల దగ్గర గాలిలో రెండు గంటలు కాల్చాక నల్లబడుతుంది. అప్పుడు గానీ అది ఆక్సైడ్ కాదు.

రెండో ఏడాది చివర్లో సూదులు మాయమయ్యాయి. మైక్రోస్కోపు కింద అన్నీ గడ్డలే. యూరియా సీసా మార్చాను, నీళ్లు మార్చాను, చివరికి ఓవెన్‌ను కూడా అనుమానించాను. మూడు నెలలు పోయాయి. అసలు సంగతి ఏమిటంటే, నేను ఊరెళ్లినప్పుడు ఎవరో అదే గిన్నెలో ఐరన్ ఆక్సైడ్ చేశారు. అడుగున ఎర్రటి మరక చూశాను గానీ పట్టించుకోలేదు. ఆ మరకలోని రేణువుల మీదే నా పదార్థం గడ్డకట్టింది కాబోలు. కొత్త గిన్నెలో అదే పాళ్లతో చేస్తే మొదటి రోజే సూదులు వచ్చాయి. విలీన నైట్రిక్ ఆమ్లంతో పాత గిన్నెను ఎన్నిసార్లు కడిగినా మరక పూర్తిగా వదలలేదు. అప్పటి నుంచి ఒక్కో లోహాల జంటకు ఒక్కో గిన్నె. టెఫ్లాన్ మీద మార్కర్ నిలవదు, మేకుతో బయటి వైపు గీసుకోవాలి.

రెండో ఫిర్యాదు వేడి గురించి. 220 డిగ్రీల వరకు పనికొస్తుందని అమ్మేవాళ్లు అంటారు. 210 దగ్గర రోజంతా ఉంచిన నాలుగైదు సార్లకే నా గిన్నె అంచు వంకరపోయింది. టెఫ్లాన్ ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, మరి. ఓవెన్‌లో పెట్టేముందు, తీశాక తూచి చూడండి. బరువు తగ్గితే మూత కారినట్టే. నేను 200 దాటించడం మానేశాను.

మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. 200 డిగ్రీల దగ్గర లోపల దాదాపు 15 బార్ల ఒత్తిడి, అంటే బయటి గాలి ఒత్తిడికి సుమారు పదిహేను రెట్లు ఉంటుంది. పైగా నీరే ఆరో వంతు దాకా ఉబ్బుతుంది. కుక్కర్‌లా దీనికి విజిల్ లేదు. దానంతట అది చల్లారేదాకా ముట్టుకోవద్దు.

ఉక్కు కవచానికి మాత్రం వంక పెట్టలేను, మరలు ఇప్పటికీ వేళ్లతోనే తిరుగుతున్నాయి. కొనేటప్పుడు రెండో ఆటోక్లేవ్ కంటే అదనంగా మూడు గిన్నెలు కొనుక్కోవడం మేలు. ఎర్ర మరక గిన్నెను పారేయలేదు. అందులో ఇప్పుడు జింక్ ఫెర్రైట్ చేస్తున్నాను, దానికి ఇనుము ఎలాగూ కావాలి.