1860 ఆర్మీ జతతో ఆరేళ్లు: గొడవంతా క్యాపుతోనే

నా 1860 ఆర్మీ రివాల్వర్ల (పాతకాలపు కోల్ట్ మోడల్‌కి నకళ్లు) జతకి ఈ వేసవితో ఆరేళ్లు నిండాయి. హ్యూస్టన్ పక్కన మా రేంజిలో నెలకోసారి జరిగే కౌబాయ్ పోటీల్లో, ఫ్రాంటియర్స్‌మన్ విభాగంలో వీటితోనే కాలుస్తున్నాను. రెండు క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లు (మందు, గుండు, క్యాపు విడివిడిగా నింపేవి), బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీమందు, ఒంటిచేత్తో కాల్చడం, అదీ ఆ విభాగం. బారెల్ పొడవు, బరువు లాంటివి ఏ కేటలాగులోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పాలనుకున్నది, నన్ను ఏడాదిన్నర పాటు ఏడిపించిన జీలకర్ర గింజంత రాగి ముక్క గురించి.

చిన్నప్పుడు దీపావళి తుపాకీలో రీలు పెట్టి కాల్చినవాళ్లకి క్యాపంటే ఏమిటో సగం తెలిసినట్టే. ఇక్కడ అది కాగితం కాదు, బుల్లి రాగి టోపీ. సిలిండర్ వెనక ఉండే నిపుల్ అనే చిన్న గొట్టం మీద తొడుగుతాం, హామర్ దెబ్బకి పేలి లోపలి మందుని అంటిస్తుంది. పేలాక చిరుగుతుంది. ఆ చిరిగిన ముక్క ఎటు పోతుందన్నదే అసలు సమస్య. 1851 నేవీ, 1860 ఆర్మీ లాంటి ఓపెన్ టాప్ (సిలిండర్ పైన పట్టీ లేని) మోడళ్లలో ఆ ముక్క హామర్ ముఖానికి అంటుకుని వెనక్కి వస్తుంది, హామర్ ముందున్న సందులోకి జారిపడుతుంది. నాది ఏ కంపెనీదో చెప్పను. కోల్ట్ కాలంనుంచీ ఈ డిజైన్లో ఉన్న గుణమే ఇది, ఎవరు కాపీ చేసినా వెంట వస్తుంది.

రెండో ఏడాది ఆగస్టులో, నాలుగో స్టేజి, అంటే పోటీలో నాలుగో విడత. మొదటి గన్నులో ఐదూ తగిలాయి. ప్లేటు మీద సీసం పడ్డప్పుడల్లా ఆ ఠంగుమనే చప్పుడు, పొగ, ఆ రోజు చెయ్యి బాగా కుదిరింది. రెండోది తీసి రెండు కాల్చి, మూడోదానికి హామర్ లాగితే సగంలో ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. బొటనవేలితో గట్టిగా లాగెయ్యాలనిపించింది, కానీ అలా లాగి లోపలి బోల్టు స్ప్రింగు విరగ్గొట్టుకున్నవాళ్లని చూశాను. వదిలేశాను. మూడు గుళ్లు మిగిలాయి, ఒక్కో మిస్సుకి 5 సెకన్ల చొప్పున 15 సెకన్లు జరిమానాగా నా సమయానికి కలిశాయి. ఈ ఆటలో 15 సెకన్లంటే ఆ రోజు అయిపోయినట్టే.

అన్‌లోడింగ్ టేబుల్ దగ్గర ఒక పెద్దాయన నా పక్కన నిలబడ్డారు. ఈ ఆటలో అందరికీ మారుపేర్లే కాబట్టి ఆయన అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. సిలిండర్లో మూడు గదుల్లో మందూ గుండూ అలాగే ఉన్నాయి. ముందు బారెల్‌ని పట్టి ఉంచే మేకు, అదే వెడ్జ్, కొట్టించి, బారెల్, సిలిండర్ తీయించి, క్యాపులు ఊడదీయించాక గానీ మిగతాది ముట్టుకోనివ్వలేదు. ఆ రాత్రి గరాజులో ఆరు స్క్రూలు విప్పి, ట్రిగ్గర్ గార్డూ పిడి వెనక పట్టీ ఊడదీస్తే, హామర్ పక్కన ఇరుక్కుని కనిపించింది. నల్లగా మసిపట్టి, ఒక అంచు మాత్రం తళతళా మెరుస్తూ. టార్చ్ పట్టుకున్న మా ఆవిడ దాన్ని వేలికొసన పెట్టుకుని చూసి, "ఇంత ముక్కకేనా అండీ ఇదంతా?" అంది. అంతేనే అన్నాను. నిజంగా అంతే.

ఆ తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. 11 నంబరు క్యాపులు మానేసి, బిగుతుగా కూర్చునే 10 నంబరుకి మారాను. కొంచెం తగ్గింది. నిపుల్స్ అన్నీ మార్చాను, ఇంకొంచెం తగ్గింది. కాల్చిన ప్రతిసారీ గన్ను మూతి కాస్త పైకెత్తి, కుడివైపు వంచి హామర్ లాగడం అలవాటు చేసుకున్నాను, ముక్కలు బయటికి పడటానికి. అసలు మార్పు మాత్రం తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ వేసిన సన్నని పిన్నుతో వచ్చింది. హామర్ వెనక్కి వెళ్లే దారిలో ఫ్రేములో నిలబెట్టే పుల్ల అది. హామర్ ముఖానికి అంటుకున్న ముక్కని అక్కడే గీరేసి కింద పడేస్తుంది. అది వేయించాక గడిచిన మూడేళ్లలో రెండుసార్లే ఇరుక్కుంది.

ఇంత బాధ పెట్టినదాన్ని ఎందుకు వదల్లేదంటే, సిలిండర్ తిరిగే ఇరుసు కోసం. ఓపెన్ టాప్‌లో అది లావుగా ఉంటుంది, దాని మీద గ్రీజు నిలవడానికి గాడులు ఉంటాయి. ఆరు స్టేజీలు, ఒక్కో గన్నుకి 30 గుళ్లు, మధ్యలో గుడ్డతో తుడవకుండా కాల్చేస్తాను. ఆఖరి స్టేజిలో కూడా వేలితో తిప్పితే సిలిండర్ నూనె వేసిన తలుపులా కదులుతుంది. తేనెమైనం, కొవ్వు కలిపిన మెత్తటి బిళ్ల (వాడ్) ఒకటి మందుకీ గుండుకీ మధ్య పెడతాను, అంతే. అయితే ఇది గాల్లో తేమ ఉండే హ్యూస్టన్ మాట. ఇక్కడ మసి మెత్తగా ఉంటుంది. అరిజోనా లాంటి పొడి ఎండలో గట్టిపడుతుంది, అక్కడ ఇదే మాట గట్టిగా చెప్పలేను.

నేను మొదట కొన్నది 1858 రెమింగ్టన్ నమూనా. పైన పట్టీ ఉన్న ఒకే ముక్క ఫ్రేము, క్యాపు ఇరుక్కోవడం చాలా తక్కువ. కొత్తవాళ్లందరికీ అదే కొనమని చెప్పేవాణ్ణి. ఆ సలహాలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. దాని ఇరుసు సన్నం, మూడో స్టేజికల్లా సిలిండర్ బరువెక్కుతుంది, తడిగుడ్డతో ముందువైపు తుడిస్తే గానీ కదలదు. పైగా పిడికీ ట్రిగ్గర్ గార్డుకీ మధ్య చోటు తక్కువ. ప్రతి పోటీ తర్వాతా నా మధ్యవేలు కణుపు కమిలిపోయేది.

1860 గురించి కూడా, పెట్టె విప్పి నేరుగా పోటీకి వెళ్లొచ్చని ఒకప్పుడు చెప్పాను. తప్పు. నా రెండింటిలో ఒకదాని ఇరుసు బారెల్ రంధ్రం అడుగుదాకా ఆనలేదు, వెడ్జ్ కాస్త గట్టిగా దిగితే సిలిండర్ పట్టేసేది. పల్చని రేకు బిళ్ల ఒకటి లోపల పెట్టాక సరిపోయింది.

మా ఆవిడ కాల్చేది 1851 నేవీ, .36 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో). పిడి చిన్న చేతికి చక్కగా అమరుతుంది, వెనక్కి తన్నడం తక్కువ. ఈ రెండు మోడళ్ల సిలిండర్ మీదా 1843 మే 16న టెక్సస్ నేవీ మెక్సికో ఓడలతో పోరాడిన దృశ్యం చెక్కి ఉంటుంది. టెక్సస్‌లో ఉంటూ దాన్ని చేతిలో పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. 1851 పేరుతో .44లో అమ్మేవి మాత్రం చరిత్రలో లేనివి, అచ్చమైనది కావాలంటే చూసి కొనండి. ఇత్తడి ఫ్రేమువి నెలనెలా కాల్చడానికి నేను కొనను, కాలం గడిచేకొద్దీ వదులవుతాయి.

రూగర్ ఓల్డ్ ఆర్మీ ఒకసారి స్నేహితుడి దగ్గర తీసుకుని స్టేజి మొత్తం కాల్చాను. పని పరంగా అన్నిటికంటే అదే మేలు. కానీ 1972లో మొదలై 2008లో ఆగిపోయింది, ఇప్పుడు సెకండ్ హ్యాండువే. పాతకాలపు ఏ గన్నుకీ అచ్చు నకలు కాదు కూడా. గెలవడం ముఖ్యమైతే దాన్నే వెతకండి.

నాకు గరాజు ఉంది, సరైన స్క్రూడ్రైవర్లు ఉన్నాయి, గన్‌స్మిత్ నలభై నిమిషాల దూరంలో ఉన్నారు, అరచెయ్యి కాస్త పెద్దది. ఇవన్నీ ఉంటే 1860 కొనమంటాను. విప్పడం, బిగించడం మీకు పడకపోతే 1858 తీసుకుని ఒక తడిగుడ్డ జేబులో పెట్టుకోండి.

మొన్న శుభ్రం చేస్తుంటే ఒక గన్నులో ఆ పిన్ను కొస అరిగినట్టు కనిపించింది. కొత్తది వేయించేదాకా, వచ్చే నెల పోటీకి మా ఆవిడ నేవీ జత అడిగి తీసుకెళ్తున్నాను.