గ్రనడాలో అలాంబ్రా చూడబోతున్నారా? టికెట్ కొనే ముందు ఇది చదవండి

పోయిన నెల అమ్మానాన్నలను తీసుకుని స్పెయిన్‌లోని గ్రనడా వెళ్లాం. నాన్న చరిత్ర మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పాత ముస్లిం రాజుల కోట అలాంబ్రాలో నస్రీద్ వంశం వాళ్లు కట్టించిన ప్యాలెస్‌లు, అక్కడ పన్నెండు పాలరాతి సింహాలు మోస్తున్న ఫౌంటెన్ చూడాలని ఆయనకు ఎన్నేళ్ల కోరికో.

గూగుల్‌లో అన్నిటికన్నా పైన కనిపించిన సైట్‌లో నలుగురికీ టికెట్లు కొన్నాను. పేరులో అలాంబ్రా ఉంది, పేజీ నిండా ఆ సింహాల ఫొటోనే ఉంది. ప్రభుత్వ సైటే అనుకున్నాను. కాదు, మధ్యలో అమ్ముకునేవాళ్లది. అసలు ధరకు రెండింతల పైనే తీసుకున్నారు.

డబ్బు సంగతి వదిలేయండి. ప్యాలెస్‌ల గుమ్మం దగ్గర స్కాన్ చేసిన అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మావి తోటలు, హెనెరలీఫె అనే రాజుల వేసవి విడిది, అల్కసాబా కోట వరకే చెల్లే టికెట్లు. ప్యాలెస్‌లు అందులో లేవు. ఆ రోజుకు మిగతావన్నీ అయిపోయాయి, రాత్రి విడిగా ఇచ్చే టికెట్లు కూడా. "పోనీలేమ్మా, బయటినుంచి చూశాంగా" అన్నారు నాన్న. బయటికి కనిపించేవి మామూలు గోడలే. 14వ శతాబ్దపు చెక్కడాలు, తేనెపట్టులా వేలాడే పైకప్పులు, గోడల మీద రాసిన అరబ్బీ కవితలు అన్నీ లోపలే. నాకింకా బాధ తగ్గలేదు. డబ్బు వెనక్కి అడిగితే, షరతుల్లో రాసే ఉందన్నారు.

అలాంబ్రాను నడిపే సంస్థ పేరు పాత్రొనాతో దె లా అలాంబ్రా ఇ హెనెరలీఫె. దాని సొంత సైట్‌లోనే, వారాల ముందే కొనండి. 'హెనెరల్' (General) అని ఉన్న టికెట్ తీసుకోండి. 'హార్దినెస్' (Jardines) అంటే తోటలు, అది వద్దు. టికెట్ మీద ఉండే పేరు, నంబరు పాస్‌పోర్ట్‌తో సరిపోవాలి. ఒరిజినల్ దగ్గరుంచుకోండి, మమ్మల్నీ అడిగారు. ప్యాలెస్‌లకు ఇచ్చిన టైము దాటితే లోపలికి పంపరు. పైగా హెనెరలీఫె వైపు గేటు నుంచి చాలా నడవాలి, పెద్దవాళ్లుంటే అరగంట ముందే బయలుదేరండి.

అలాంబ్రాలోనే ఉన్న ఐదో చార్లెస్ ప్యాలెస్, న్యాయద్వారం చూడడానికి టికెట్ అక్కర్లేదు. అల్బైసీన్ పేటలో సాన్ నికొలాస్ చర్చి ముందు నుంచి సాయంత్రం కోట మొత్తం ఎర్రగా కనిపిస్తుంది, అదీ ఉచితమే. నాన్న అక్కడినుంచి చాలాసేపు కదల్లేదు. కెథీడ్రల్ దగ్గర ఎవరైనా రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టబోతే తీసుకోకండి, చెయ్యి చూసి జాతకం చెప్పి డబ్బులడుగుతారు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రాత్రే టికెట్ తెరిచి చూడండి. 'పలాసియోస్ నసరీయెస్' (Palacios Nazaríes, అంటే నస్రీద్ ప్యాలెస్‌లు) అనే మాట, దాని పక్కన టైము ఉండాలి. లేకపోతే అసలు సైట్‌లో రోజూ వెతకండి, ఎవరైనా రద్దు చేసుకున్నవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి.