ఎజెండా అందింది, జవాబు అందలేదు: ఒక పురపాలక సంఘం సేవలపై సమీక్ష

దుకాణంలో సరుకు నచ్చకపోతే పక్క దుకాణానికి వెళతాం. వైద్యుడి మీద గురి కుదరకపోతే మరో వైద్యుణ్ని వెతుక్కుంటాం. పురపాలక సంఘం విషయంలో ఆ వెసులుబాటు లేదు. వీధి దీపం, కాలువ, చెత్త సేకరణ, ఇంటి నిర్మాణ అనుమతి, జనన ధ్రువపత్రం అన్నీ ఒకే గుమ్మంలో దొరుకుతాయి, సేవ నచ్చినా నచ్చకపోయినా మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. అటువంటి చోటుకే సమీక్ష ఎక్కువ అవసరమన్న అభిప్రాయంతో, ఏడాదిన్నర కాలంలో ఒక చిన్న నగరపు పురపాలక కార్యాలయంతో నాకు కలిగిన అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఈ పరిమాణంలోని నగరాల పాలన ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది గనుక, ఊరి పేరు చెప్పకపోయినా చదువరికి లోటేమీ ఉండదు.

నా అవసరం చాలా చిన్నది. వీధి మలుపులో ఒక కల్వర్టు ఉంది. దాని కింది గొట్టం పూడిపోయింది, పైనున్న రాతి పలక ఒక అంచున విరిగింది, వాన పడిన ప్రతిసారీ నీరు దారికి అడ్డంగా నిలిచిపోతోంది. పని చిన్నది కావడం ఒక విధంగా మేలే అయింది. పెద్ద ప్రాజెక్టు అయితే రాజకీయం ఎక్కడ మొదలై పాలన ఎక్కడ ముగుస్తుందో తెలియదు, కల్వర్టు విషయంలో మాత్రం ఫైలు ఎక్కడ కదిలిందో ఎక్కడ ఆగిందో స్పష్టంగా చూడగలిగాను.

ముందుగా కౌంటర్ గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దాని మీద పెద్దగా ఫిర్యాదు లేదు. ధ్రువపత్రాలు, పన్ను చెల్లింపులు, పేరు మార్పిడి వంటి పనులు చెప్పిన గడువులోనే పూర్తయ్యాయి. సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. అర్జీ తీసుకోగానే ఇన్‌వార్డ్ నంబరు వేసి రసీదు ఇచ్చారు. ఈ పనులన్నింటిలోనూ ఎవరూ ఏదీ నిర్ణయించవలసిన అవసరం లేదని నాకు తరువాత తోచింది. కాగితాలు సరిగ్గా ఉంటే పని కావాలి, లేకపోతే కాకూడదు, అంతే. ఏదో ఒకటి ఎంచుకోవలసిన పని, అంటే ఈ వీధికా ఆ వీధికా, ఈ ఏడా వచ్చే ఏడా అన్న ప్రశ్న వచ్చిన మరుక్షణం నుంచి అదే కార్యాలయం వేరొక కార్యాలయంలా ప్రవర్తిస్తుంది.

కల్వర్టు గురించి మొదట మొబైల్ యాప్‌లో ఫిర్యాదు చేశాను. ఫొటో జతచేయడానికీ, స్థలాన్ని పటంలో గుర్తించడానికీ రెండు నిమిషాలు పట్టింది. ఆ మేరకు యాప్ బాగుంది. తొమ్మిదో రోజున ‘పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. మలుపు దగ్గరకు వెళ్లి చూస్తే కల్వర్టు ఎలా ఉన్నదో అలాగే ఉంది. విచారించగా తెలిసిందేమిటంటే, ఫిర్యాదు ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ కనుక యాప్ లెక్కలో అది ముగిసిపోయింది. అత్యవసరం కాని ఫిర్యాదులన్నింటికీ ఒకే ఫోను నంబరు అన్న ఆలోచన 1996లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 311 పేరుతో అమలులోకి వచ్చింది, ఇటువంటి యాప్‌లు దాని తరువాతి తరానివే. 2007లో బ్రిటన్‌లో మొదలైన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైటులో ఫిర్యాదులన్నీ పటం మీద అందరికీ కనబడతాయి, పైగా కొన్ని వారాల తరువాత సమస్య తీరిందా లేదా అని ఫిర్యాదు చేసినవారినే అడుగుతారు. నేను వాడిన యాప్‌లో నా ఫిర్యాదు నాకొక్కడికే కనబడుతుంది. పక్కింటివారు అదే కల్వర్టు మీద అంతకుముందే రెండుసార్లు ఫిర్యాదు చేశారనీ, అవి రెండూ ‘పరిష్కరించబడ్డాయి’ అనీ వారితో మాటల్లో తెలిసేదాకా నాకు తెలియదు. ముగించే అధికారం పని చేయవలసిన శాఖ చేతిలోనే ఉండి, ముగింపును మరెవరూ చూడలేనప్పుడు, అంకెలు బాగుండడంలో ఆశ్చర్యం లేదు.

తరువాత కౌన్సిల్ సమావేశానికి వెళ్లాను. ప్రేక్షకులకు కేటాయించిన వరుసలో నాతో కలిపి అయిదుగురం ఉన్నాం, అందులో ఇద్దరు విలేకరులు. కోరం, అంటే సభ జరపడానికి కావలసిన కనీస హాజరు, ఉందని ప్రకటించారు, గత సమావేశపు మినిట్స్‌ను, అంటే ఆనాటి చర్చల లిఖిత నమోదును, ధ్రువీకరించారు, ఆపై నలభైకి పైగా ఉన్న అంశాలను గంటలోపే పూర్తి చేశారు. అధ్యక్షులు అంశం సంఖ్య చదవడం, సభ్యులు బల్ల మీద తట్టడం, కార్యదర్శి ‘ఆమోదించడమైనది’ అని రాసుకోవడం, ఇదే వరుస. మూడు అంశాల దగ్గర మాత్రమే చర్చ జరిగింది. అందులో ఒకదాని మీద కౌన్సిలర్లు ఇరవై నిమిషాలు వాదించుకున్నారు, అది ఒక పార్కు ద్వారానికి ఎవరి పేరు పెట్టాలన్న విషయం. పౌరులకిచ్చిన సమయంలో నేను కల్వర్టు గురించి మూడు నిమిషాలు మాట్లాడాను. అధ్యక్షులు శ్రద్ధగా విని ‘పరిశీలిస్తాం’ అన్నారు, ఆ వెంటనే గంట మోగింది.

ఆ రోజు ఇంటికి వచ్చి ఇదంతా ముందే వండి వార్చిన వ్యవహారమని చిరాకుపడ్డాను. ఇప్పుడు అంత తేలికగా ఆ మాట అనలేను. సభ నడపడానికి కట్టుదిట్టమైన నియమాలు ఉండడం మంచిదే. 1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమని అడిగితే ఎలా నడపాలో తెలియక ఇబ్బందిపడిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు, ఆ ఇబ్బంది నుంచే పట్టుదల తెచ్చుకొని 1876లో సభా నియమాల పుస్తకాన్ని ప్రచురించాడు. ఎన్నో కౌన్సిళ్లు నేటికీ ఆ నియమాలనో, వాటి నీడలో రాసుకున్న నియమాలనో పాటిస్తున్నాయి. వివాదం లేని అంశాలను కలిపి ఒకేసారి ఆమోదించే పద్ధతి లేకపోతే, గొట్టాల కొనుగోలు, సెలవు మంజూరు వంటి వాటితోనే రాత్రి అయిపోతుంది. నా పొరపాటు ఏమిటంటే నిర్ణయం సమావేశంలో జరుగుతుందనుకొని అక్కడికి వెళ్లడం. నిర్ణయం అంతకుముందే కాగితం మీద తయారవుతుంది, సమావేశంలో దానికి ముద్ర పడుతుంది.

ఆ కాగితం పేరు ఎజెండా. ఈ పురపాలక సంఘం అందించే సేవలన్నింటిలోనూ నేను అత్యధిక మార్కులు ఇచ్చేది దీనికే, దీన్ని సేవగా ఎవరూ లెక్కపెట్టకపోయినా సరే. సమావేశానికి మూడు రోజుల ముందు దీన్ని వెబ్‌సైటులో పెడతారు. ప్రతి అంశం కింద విషయం, పని ఎందుకు అవసరమో వివరించే కార్యాలయ నోట్, అంచనా విలువ, ఖర్చు ఏ పద్దు నుంచి పెట్టాలో, ఇంజినీరు సిఫారసు, చివరగా తీర్మానం ముసాయిదా ఉంటాయి. సభలో ఎవరూ నోరు విప్పకముందే తీర్మానంలోని వాక్యాలు తయారై ఉంటాయన్నమాట. అందులో ఒక్క మాట మారాలంటే ఆ మాట రాస్తున్న చేతి దగ్గరకు, అంటే సంబంధిత శాఖ అధికారి దగ్గరకు, నెలా రెండు నెలల ముందే వెళ్లాలి. నాలుగు ఎజెండాలు శ్రద్ధగా చదివిన తరువాత నగరం గురించి నాకు తెలిసినంత, అంతకుముందు పదేళ్లు అక్కడ నడిచినా తెలియలేదు: ఏ కాలువ ఏ కాలువలో కలుస్తుంది, ఏ కాంట్రాక్టు గడువు ఎన్నిసార్లు పొడిగించారు, ఏ భవనం అద్దె ఎన్నాళ్లుగా మారలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి.

లోపాలు లేవని కాదు. పేజీలను స్కాన్ చేసి బొమ్మలుగా పెడుతున్నారు. కొన్ని వంకరగా, కొన్ని తలకిందులుగా ఉంటాయి, ఏ మాటనూ వెతికి పట్టుకునే వీలు లేదు. అంతకన్నా గట్టి అభ్యంతరం టేబుల్ ఎజెండా మీద. అత్యవసరమైతే తప్ప వాడకూడని ఈ దారిన, సభ మొదలైన తరువాత సభ్యుల ముందు పెట్టే అంశాలు ప్రతి నెలా అయిదారు ఉంటున్నాయి. వాటిలో ఒకటి రెండు నిజంగా అత్యవసరమైనవే. ఏడాది ముందే ముగింపు తేదీ తెలిసిన కాంట్రాక్టును పొడిగించడం ఏ విధంగా అత్యవసరమో నాకు అర్థం కాలేదు. మూడు రోజుల ముందు ఎజెండా ఇవ్వడం ఎంత మంచి ఏర్పాటో, అందులో లేని అంశాన్ని అప్పటికప్పుడు ఆమోదించడం ఆ ఏర్పాటుకు అంత చేటు.

అధికారుల చేతిలో ఇంత బరువు ఉండడాన్ని కొందరు కుట్రగా చూస్తారు, నేను చూడను. కౌన్సిలర్లలో చాలామందికి వేరే వృత్తులు ఉన్నాయి, వారు నెలకు కొన్ని సాయంత్రాలే దీనికి కేటాయించగలరు. ఫైళ్లు, కొలతలు, లెక్కలు పొద్దస్తమానం కార్యాలయంలో కూర్చునేవారి దగ్గరే ఉంటాయి. ఎన్నికైనవారికీ అధికారులకూ మధ్య ఉన్న ఈ పొత్తును ఒక పద్ధతిగా మార్చాలన్న ప్రయత్నానికి శతాబ్దం దాటింది. 1900లో తుపాను అమెరికాలోని గాల్వెస్టన్ నగరాన్ని నేలమట్టం చేశాక అక్కడ మరుసటి ఏడాది పాలనను ఒక చిన్న కమిషన్‌కు అప్పగించారు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ నగరం రోజువారీ పాలన కోసం ఒక నిపుణుణ్ని మేనేజరుగా నియమించుకుంది. 1913 నాటి వరదల్లో దెబ్బతిన్న డేటన్ నగరం 1914లో అదే దారి పట్టింది. గాల్వెస్టన్‌లోనూ డేటన్‌లోనూ నీళ్లే పాలనను మార్చాయన్నది కల్వర్టు కోసం తిరుగుతున్న నాకు కొంత ధైర్యాన్నిచ్చింది. ప్రజలు ఎన్నుకున్నవారు ఏం కావాలో చెప్పాలి, నియమితులైనవారు ఎలా చేయాలో చూడాలి అన్నది సిద్ధాంతం. ఆచరణలో ఏం చేయవచ్చో చెప్పే నోట్‌ను కూడా నియమితులే రాస్తారు గనుక, ఎన్నికైనవారి ముందుకు చాలాసార్లు ఒకే ఒక ప్రత్యామ్నాయం వస్తుంది.

నా కల్వర్టు ఎక్కడ ఆగిందో చివరకు బడ్జెట్ పుస్తకంలో తేలింది. ఆ పరిమాణపు పనులకు ప్రత్యేకంగా పద్దు ఉండదు. రోడ్లు, కాలువల నిర్వహణ అన్న ఒకే పెద్ద మొత్తం ఉంటుంది, దాని కింద ఏ పనులు చేయాలన్నది వార్డు ఇంజినీరు తయారుచేసే జాబితాను బట్టి ఉంటుంది. ఆ జాబితా బడ్జెట్ కన్నా ముందే ఖరారవుతుంది. నేను సభలో మాట్లాడేనాటికి ఆ ఏటి జాబితా మూసేసి నాలుగు నెలలైంది. అధ్యక్షులు మనస్ఫూర్తిగా ‘పరిశీలిస్తాం’ అన్నా పరిశీలించడానికి అక్కడ ఏమీ మిగిలి లేదు. బడ్జెట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది గానీ, పనిదినాన పొద్దున పెట్టడం వల్ల పింఛనుదారులు తప్ప ఎవరూ రాలేకపోతున్నారు. 1989లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం పెట్టుబడి పనుల వరుసను పేటలవారీ సమావేశాల్లో ప్రజలే తేల్చే పద్ధతిని మొదలుపెట్టింది, తరువాత ఎన్నో దేశాల నగరాలు దాన్ని తమకు తోచిన రీతిలో అనుసరించాయి. అంత దూరం వెళ్లమని నేను కోరడం లేదు. వార్డు జాబితా ఏ తేదీన మూస్తారో నోటీసు బోర్డు మీద ఒక్క వాక్యం రాస్తే చాలు.

మరుసటి ఏడు ఆ తేదీ కనుక్కొని ముందుగానే వెళ్లాను. మా వార్డు కౌన్సిలర్‌ను కలిస్తే, ‘బాగు చేయండి అని రాయకండి సార్, కొలతలు రాయండి’ అని సలహా ఇచ్చారు. నాకందిన సాయమంతటిలోనూ విలువైనది ఆ మాటే. గొట్టం వ్యాసం, పలక పొడవు, నీరు ఎన్ని గంటలు నిలుస్తుంది, ఎన్ని ఇళ్లవారు ఆ దారిన వెళతారు అన్న వివరాలతో, పక్కింటివారి సంతకాలతో అర్జీ ఇచ్చాను. ఇంజినీరు వచ్చి చూశారు. మూడు నెలల తరువాత ఎజెండాలో ముప్పై ఒకటో అంశంలో, ఆరు చిన్న పనుల జాబితాలో నాలుగోదిగా, కల్వర్టు కనిపించింది. నేను సమావేశానికి వెళ్లలేదు, వెళ్లవలసిన పని లేదని అప్పటికి తెలిసింది.

మినిట్స్ మాత్రం రెండు నెలలకు గానీ రాలేదు, వచ్చాక వాటిలో ‘చర్చించి ఆమోదించడమైనది’ అన్న మాటకు మించి ఏమీ లేదు. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు వ్యతిరేకించారు, ఏ కారణం చెప్పారు అన్నది తెలుసుకోవాలంటే వీడియో చూడాలి, వీడియోలో మైకు దూరంగా ఉన్న సభ్యుల మాటలు వినపడవు. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును ప్రజలకు చట్టంగా ఇచ్చింది. చూసే హక్కు ఉన్నా, చూడవలసిన పత్రంలో విషయం లేకపోతే ఆ హక్కు ఖాళీ పెట్టెకు తాళంచెవి లాంటిది. ఇది డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన లోపం కాదు, అలవాటు వల్ల వచ్చినది. అందుకే దీనికి అన్నింటికన్నా తక్కువ మార్కులు వేస్తున్నాను.

కల్వర్టు పని మొదటి ఫిర్యాదు నాటి నుంచి పద్నాలుగు నెలలకు జరిగింది. కూలీలు రెండు రోజుల్లో గొట్టం మార్చి కొత్త పలక వేశారు. పనితనం బాగుంది, ఆ తరువాత పడిన పెద్ద వానకు కూడా నీరు నిలవలేదు. ఆ సాయంత్రం యాప్ తెరిచి చూస్తే నా ఫిర్యాదు ఎదురుగా ‘పరిష్కరించబడింది’ అన్న మాట, పద్నాలుగు నెలల కిందటి తేదీతో, అలాగే ఉంది. దాని కింద సేవ ఎలా ఉందో చెప్పమని అయిదు నక్షత్రాల గడి కూడా ఉంది. దాన్ని నొక్కితే ‘రేటింగు ఇచ్చు గడువు ముగిసినది’ అని వచ్చింది.